శివారు నుంచి తల తూము దాకా
కోనసీమ కాలువల చరిత్ర అంతర్జాలంలో ఎన్ని తూములు దాటి చదువరిని చేరుతోంది?

గోదావరి నీరు తాటిపాక చేలకు సూటిగా రాదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలగా, వశిష్ఠ నుంచి వైనతేయం అనే మరో పాయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది; ఈ వైనతేయానికీ వశిష్ఠకూ నడుమ ఉన్న నేలనే పాత రికార్డులు నగరం లంక అన్నాయి. రాజోలు, మామిడికుదురు, నగరం, తాటిపాక ఈ లంకలోవే. చుట్టూ ఏరే అయినా, వేసవిలో సముద్రపు పోటు ఎగదన్ని పాయల్లో నీరు ఉప్పబడుతుంది కనుక ఆ నీరు వరికి పనికిరాదు. చేలకు కావలసిన మంచినీరు ఎక్కడో ఎగువన బొబ్బర్లంక దగ్గరి తల తూములోంచి బయల్దేరి, లొల్ల లాకుల దగ్గర చీలి, గన్నవరం కాలువగా దిగి, వైనతేయాన్ని దాని నెత్తిమీదుగానే దాటి రావాలి. తల తూము అంటే నదిలోంచి కాలువలోకి నీరు వదిలే మొదటి ద్వారం. లాకులు అంటే ఎగువకొక జత, దిగువకొక జత తలుపులతో కట్టిన నీటి గది. పడవ లోపలికి వచ్చాక ఒకవైపు తలుపులు మూసి, రెండో వైపు నీటి మట్టానికి సమానమయ్యే దాకా గదిని నింపో, తీసో పడవను ఎక్కించడమో దించడమో చేస్తారు. కాలువ ఏటిని దాటడానికి కట్టిన నీటి వంతెనకు జనం నోట నిలిచిన పేరు అక్విడక్టు.

కాలువకు తల ఉన్నట్టే శివారు కూడా ఉంటుంది. శివారు భూములంటే కాలువ చిట్టచివర ఉండి, పైవాళ్లందరూ తడుపుకున్న తర్వాత మిగిలిన నీటితో సర్దుకోవలసిన భూములు. శివారు రైతు తన చేలోకి నీరు చాలకపోతే కారణం చేలో వెతకడు. బోదె గట్టున నడిచి పిల్ల కాలువకు, అక్కడి నుంచి పెద్ద కాలువకు పోయి, ఏ తూము దగ్గర తలుపు దింపారో, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డుపడిందో, ఎవరు గండి కొట్టి మళ్లించుకున్నారో చూసుకుంటాడు. ఇదే కాలువల చరిత్రను ఇవాళ ఫోనులో చదువుకునే మనిషి మాత్రం శివారులో నిలబడి కూడా తాను తల తూము దగ్గరే ఉన్నాననుకుంటాడు. అతడు చదివే వాక్యం ఏ నివేదికలో పుట్టిందో, ఎన్ని చేతులు మారిందో, ఏ చేతిలో దానికి కొత్త అంకె అంటుకుందో ఆ తెరమీద కనిపించదు.

ధవళేశ్వరం ఆనకట్ట కథ ఎక్కడ చదివినా కరువుతోనే మొదలవుతుంది. 1832, 33 సంవత్సరాల నాటి నందన కరువు, 1839లో కోరంగి రేవును ముంచిన తుపాను, వాటి వెనక వరసగా వచ్చిన చెడ్డ ఏళ్లు రాజమహేంద్రవరం జిల్లాను కుంగదీశాయి. ఆ దుస్థితిని విచారించి 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ఇచ్చిన నివేదిక నుంచి వచ్చిన రెండు అంకెలు నేటికీ ప్రతి వ్యాసంలో కనిపిస్తాయి: 1821లో 7,38,308గా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయిందని. ఈ అంకెలు కల్పితాలు కావు. అయితే మద్రాసు రాజధానిలో క్రమపద్ధతిలో మొదటి జనాభా లెక్కలు జరిగింది 1871లో. అంతకుముందరి లెక్కలు గ్రామ కరణాలు పైకి పంపిన పట్టీలను కూడి వేసినవి. పైగా రెండు అంకెల తేడా 1,77,267లో ఆకలికీ జబ్బులకూ చనిపోయినవారు, పొరుగు జిల్లాలకు వలసపోయినవారు, లెక్కకే దొరకనివారు కలిసిపోయి ఉంటారు. ఆ తేడా మొత్తాన్ని ‘ఆకలి చావులు’గా మార్చి చెప్పే వాక్యం అంకెను మార్చకుండానే అర్థాన్ని మార్చేస్తుంది. అంకె నిజమైనంత మాత్రాన వాక్యం నిజం కాదని తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

మాంట్‌గొమరీ సిఫారసు మీదనే మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన ఆర్థర్ కాటన్ గోదావరిని పరిశీలించి నివేదికలు రాశాడు. అప్పటికే ఆయన తంజావూరు డెల్టాలో కొళ్లిడం మీద 1836లో ఆనకట్టలు కట్టి ఉన్నాడు. కావేరి మీద చోళుల నాటి కల్లణై ఇసుక పునాది మీదనే శతాబ్దాలుగా ఎలా నిలిచిందో చూసి నేర్చుకున్నామని తన రచనల్లో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ధవళేశ్వరంలో పని 1847లో మొదలై 1852లో ముగిసింది. నది మధ్యలోని లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా ఆనకట్ట సాగింది. పక్కనే ఉన్న ధవళేశ్వరం కొండను తవ్వి రాయి తెచ్చారు. కాటన్ 1848లో జబ్బుపడి ఆస్ట్రేలియా వెళ్లి 1850లో తిరిగి వచ్చేదాకా పనిని నడిపించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. ఈ పేరు జనం నోట అంతగా లేదు. కృష్ణ మీద బెజవాడ దగ్గర 1852 నుంచి 1855 దాకా ఆనకట్ట కట్టించినవాడూ ఆయనే అయినా, అంతర్జాలంలో ఆ ఆనకట్ట కూడా చాలాసార్లు కాటన్ ఖాతాలోనే పడుతుంది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. గోదావరి జిల్లాల్లో కాటన్ అపర భగీరథుడు. ఊరూరా విగ్రహాలు, పుష్కర స్నానాల వేళ సంస్కృతంలో స్మరణ శ్లోకం, ఇంటి పెద్దల నోట ‘కాటన్ దొర’ అనే పిలుపు. ఈ కృతజ్ఞతకు కారణం కళ్లెదుటి పచ్చదనమే కనుక దానికి రుజువులు అడగడం అనవసరం. అయితే కృతజ్ఞత ఎంత పెద్దదైతే, పక్కవాళ్ల పనిని కూడా అది అంతగా తనలోకి లాక్కుంటుంది. ఓర్ పేరు అలాగే మునిగింది. కాటన్ దగ్గర పనిచేసిన వీణం వీరన్నను ధవళేశ్వరం గుర్తుంచుకుంది గాని, మట్టి మోసిన వడ్డెరలను, రాళ్లు పగలగొట్టిన కూలీలను పేరుపేరునా తలుచుకునే కాగితం ఎవరి దగ్గరా లేదు.

నలభై తొమ్మిది కమానులు

తాటిపాకకు నీరు తెచ్చిన గన్నవరం అక్విడక్టును ఒకసారి దగ్గరగా చూడాలి. వైనతేయం పాయ మీద ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున్న 49 కమానులు వరసగా నిలిపి, వాటి మీద తొట్టిలాగా గోడలు లేపి, ఆ తొట్టిలో కాలువను పారించారు. కింద ఏరు, పైన కాలువ. కింద వరద ఎర్రగా సుడి తిరుగుతూ ఉండగానే పైన కాలువ నీరు నింపాదిగా లంకలోకి పోయేది. 1850ల తొలి సంవత్సరాల్లో దీన్ని కట్టించిన యువ ఇంజనీరు లెఫ్టినెంట్ హేగ్. కాటన్ ఆధ్వర్యంలోని పథకమే అయినా కమానుల పక్కన నిలబడి పని చేయించినవాడు ఆయన. చాలా కాలం తర్వాత దీని పక్కనే కొత్త అక్విడక్టు కట్టి, నీటిని అందులోకి మళ్లించి, అన్నదానంతో పేరుపొందిన లంకల గన్నవరం ఇల్లాలు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉండడంతో ఒకదాని ఫొటో కింద మరొకదాని సంవత్సరం చేరడం మామూలైపోయింది. ధవళేశ్వరంలో ఇదే పొరపాటు ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది. ఆనకట్ట అంటే ఏటికి అడ్డంగా కట్టిన గోడ. నీరు దాని మట్టం దాటితే మీదనుంచి పొర్లిపోతుంది. బ్యారేజీ అంటే తలుపులు ఎత్తుతూ దించుతూ నీటిని అదుపు చేసే కట్టడం. 1852లో ముగిసింది ఆనకట్ట. ఇవాళ వాహనాలు తిరుగుతున్నది 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తి చేసిన, 175 తలుపులున్న బ్యారేజీ. పేరు కాటన్‌దే కావడంతో, ఉక్కు తలుపుల బొమ్మ వేసి కాటన్ 1852లో కట్టినదని రాసే పేజీలకు లోటు లేదు. బెజవాడలోనూ అంతే, ఓర్ కట్టింది ఆనకట్ట, ప్రకాశం బ్యారేజీ వచ్చింది 1957లో.

ఈరీ కాలువ దగ్గర వెయ్యి మంది

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ధవళేశ్వరానికి మూడు దశాబ్దాల ముందు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం తవ్విన ఈరీ కాలువ చరిత్ర చూస్తే ఆ దేశంలోనూ శివారు దాకా వచ్చేసరికి నీరు ఎంత మారుతుందో తెలుస్తుంది. గవర్నరు డివిట్ క్లింటన్ పూనికతో 1817 జూలై 4న రోమ్ అనే ఊరి దగ్గర తవ్వకం మొదలై, 1825 అక్టోబరులో హడ్సన్ నది నుంచి ఈరీ సరస్సు దాకా 363 మైళ్ల కాలువ పూర్తయింది. వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులు, లాకులు 83. ఎగతాళి చేసినవాళ్లు దాన్ని క్లింటన్ గోతి అన్నారు. మన కాలువలు మొదట సాగుకు, వాటితో పాటు పడవలకు. ఈరీ మాత్రం సరకు రవాణా కోసమే పుట్టింది. చిత్రమేమంటే దాన్ని నడిపించిన బెంజమిన్ రైట్, జేమ్స్ గెడ్డిస్ ఇద్దరూ భూమి కొలతల మనుషులే గాని కాలువ కట్టడంలో చదువు ఉన్నవాళ్లు కారు. వాళ్ల దగ్గర పనిచేసిన కాన్వాస్ వైట్ ఇంగ్లండు వెళ్లి కాలువల గట్ల వెంట నడిచి నడిచి ఆ విద్య నేర్చుకుని వచ్చి, నీటిలో గట్టిపడే సున్నానికి పనికివచ్చే రాయిని తమ దగ్గరే కనిపెట్టాడు. కల్లణై దగ్గర కాటన్ చేసింది కూడా పాత కట్టడాన్ని కళ్లతో చదవడమే.

అమెరికాలో ఇదే తొలి కాలువ అని రాసేవాళ్లు, జార్జి వాషింగ్టన్ అధ్యక్షుడు కాకముందే 1785లో పొటోమాక్ నది మీద ఒక కంపెనీకి సారథి అయ్యాడని, దక్షిణ కరొలినాలో శాంటీ కాలువ 1800లో, మసాచుసెట్స్‌లో మిడిల్‌సెక్స్ కాలువ 1803లో నడిచాయని మరిచిపోతారు. పొడవు 363 మైళ్లని ఒకచోట, 340కి కాస్త అటూ ఇటూ అని మరోచోట ఉంటే రెంటిలో ఒకటి తప్పనుకోవడం తొందరపాటు: మొదటిది 1825 కాలువ కొలత, రెండోది ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పడవల కోసం నదుల గుండా మళ్లించి కట్టిన కాలువ కొలత. ధవళేశ్వరం ఆనకట్టకూ బ్యారేజీకీ ఉన్న పేచీ ఇదే.

అన్నిటికన్నా బోధపరిచేది మాంటెజుమా బురద నేలల కథ. 1819 వేసవిలో అక్కడ జ్వరాలు సోకి వెయ్యి మంది కూలీలు చనిపోయారని ఈరీ కాలువ మీద రాసిన ఎన్నో పుస్తకాలు, వాటిని చూసి రాసిన ఎన్నెన్నో పేజీలు చెబుతాయి. తల తూము దగ్గరికి, అంటే ఆ కాలువ కమిషనర్లు ఆ వెంటనే శాసనసభకు ఇచ్చిన నివేదికకు వెళ్తే, అక్కడ ఉన్న మాట దాదాపు వెయ్యి మంది జబ్బుపడి పని చేయలేకపోయారని. వారిలో ఎక్కువమంది కోలుకున్నారని కూడా. అంకె అదే, ఊరు అదే, సంవత్సరం అదే. ‘జబ్బుపడ్డారు’ కాస్తా ‘చనిపోయారు’ అయింది. ఇలాంటి మార్పు అబద్ధమాడాలన్న కోరికతో రాదు. కథ చెప్పేవాడికి చావు జ్వరం కన్నా బరువుగా తోస్తుంది, తర్వాతివాడు మూలం చూడడు. మాంట్‌గొమరీ అంకెకు జరుగుతున్నదీ ఈ పనే.

కూతురు రాసిన జీవితం

మరి మూలం దొరికితే చాలునా అంటే అదీ కాదు, మూలం రాసిన చెయ్యి ఎవరిదో కూడా చూడాలి. కాటన్ గురించి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ చెప్పుకునే ఇంటి ముచ్చట్లలో చాలా భాగం 1900లో, అంటే ఆయన పోయిన మరుసటి ఏడు, వెలువడిన జీవితచరిత్రలోనివి. రాసినది ఆయన కూతురు ఎలిజబెత్, పెళ్లయ్యాక లేడీ హోప్. ఈవిడే 1915లో ఒక అమెరికన్ మతపత్రికలో, జీవపరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్‌ను తాను చివరి రోజుల్లో కలిశానని, ఆయన బైబిలు చదువుతూ తన సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడ్డాడని అచ్చువేయించింది. డార్విన్ పోయింది 1882లో. తండ్రి మరణశయ్య దగ్గర ఉన్న కూతురు హెన్రియెట్టా 1922లో ఆ కథను బహిరంగంగా ఖండిస్తూ, లేడీ హోప్ ఆ రోజుల్లో ఆ ఛాయలకు కూడా రాలేదని చెప్పింది. వందేళ్లు దాటినా ఆ కథ ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

దీన్నిబట్టి కాటన్ జీవితచరిత్రను పక్కన పారేయడం తెలివి కాదు. అందులో అచ్చయిన ఆయన ఉత్తరాలు, నీటిపారుదల మీద ఆయన వాదాలు, కరువుల మీద విలియం డిగ్బీ చేర్చిన అధ్యాయాలు ఇతర కాగితాలతో పోల్చి చూసుకోదగ్గవి. అయితే తండ్రి మంచితనం గురించి కూతురు చెప్పే ముచ్చటకూ, ఆనకట్ట పొడవు గురించి ఇంజనీరు వేసిన లెక్కకూ ఒకే తూకం వేయకూడదు. లెక్క కావాలంటే గోదావరి డెల్టా కట్టడాల మీద 1896లో పుస్తకం రాసిన జార్జి వాల్చ్, జిల్లా సంగతులు కావాలంటే 1878లో రాసిన హెన్రీ మోరిస్, 1907 గెజెటీరు రాసిన హెమింగ్వే ఉన్నారు. వీళ్లు కూడా ప్రభుత్వోద్యోగులే కనుక ప్రభుత్వానికి కాలువల మీద వచ్చిన లాభాన్ని ఉత్సాహంగా, నీటి పన్నుల భారాన్ని ముక్తసరిగా రాస్తారన్నది గుర్తుంచుకునే చదవాలి.

కాటన్ నోట పెట్టి తిప్పే మాటల్లో ఒకటి మరీ ప్రసిద్ధం: గోదావరిలో పెద్ద వరద నాటి ఒక్కరోజు నీరు లండన్ పక్కన పారే థేమ్స్ ఏడాది నీటితో సమానమని ఆయన ప్రభువులతో వాదించాడన్నది. మాటలు ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటాయి, ఏ కాగితంలోదో చెప్పరు. ఇలాంటి చోట ఎవరన్నారన్న ప్రశ్నను కాసేపు వదిలి, అన్నది నిజమా అని లెక్క కట్టవచ్చు. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే అది ఒక క్యూసెక్కు. థేమ్స్‌లో లండన్ పైన సగటు ప్రవాహం సుమారు 2,300 క్యూసెక్కులు. 365 రోజులతో హెచ్చిస్తే 8,39,500. అంటే ధవళేశ్వరం దగ్గర ఎనిమిదిన్నర లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు పారితే థేమ్స్ ఏడాది పద్దు చెల్లిపోతుంది. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేదే 10 లక్షల క్యూసెక్కులకు. 1986 ఆగస్టు వరదలో 35 లక్షలు దాటింది, అంటే నాలుగేళ్ల థేమ్స్ ఒక్క రోజులో. మాట మూలం ఎలాంటిదైనా, విషయం మాత్రం అతిశయోక్తి కాదు. ఇంకా తక్కువ చేసి చెప్పినట్టే.

ఊరి పేరుతో వెతికితే

తాటిపాక అని వెతికేవాళ్లకు ముందుగా తగిలేది 2001లో మొదలైన ఏడాదికి 66,000 టన్నుల చిన్న చమురు శుద్ధి కర్మాగారం గాని, కాలువ కాదు. కాలువ కోసం వెతకాలంటే పేర్ల చిక్కు విప్పుకోవాలి. ఈ ఊరు 1859కి ముందు రాజమహేంద్రవరం జిల్లాలోది, ఆ తర్వాత గోదావరి జిల్లాలోది, 1925 నుంచి తూర్పు గోదావరిలోది, 2022 నుంచి కోనసీమ జిల్లాలోది. ఆ జిల్లా పేరు ముందు అదే ఏడాది డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ పేరు చేరింది. 1850ల కాగితాల్లో తూర్పు గోదావరి అని వెతికితే ఏమీ దొరకదు. దొరకలేదు కనుక అప్పుడు ఏమీ జరగలేదని తేల్చేవాళ్లూ ఉన్నారు. గన్నవరం అంటే విమానాశ్రయం ఉన్న బెజవాడ దగ్గరి గన్నవరాన్ని చూపించే యంత్రానికి వైనతేయం ఒడ్డున మరో గన్నవరం ఉందని మనిషే చెప్పాలి. లేకపోతే 49 కమానులు బెజవాడ పక్కకు పోతాయి. ఇప్పుడు అడిగిన ప్రశ్నకు చిటికెలో జవాబు అల్లి ఇచ్చే కృత్రిమ మేధ వచ్చింది. అది తప్పును కూడా మంచి వ్యాకరణంతో చెబుతుంది. జంకు లేని వాక్యం చూసి నమ్మే అలవాటు ఉన్న చదువరికి ఇది కొత్త ప్రమాదం.

ఒకే మాట పది చోట్ల కనిపిస్తే పది మంది సాక్షులు ఉన్నట్టు కాదు. ఒక పేజీ చూసి ఒక పత్రిక రాస్తుంది. ఆ పత్రికనే ఆధారంగా చూపించి ఆ పేజీ తన వాక్యాన్ని మరింత గట్టిచేసుకుంటుంది. ఇద్దరూ ఒకే బోదె నీరు తాగుతూ ఒకరికొకరు సాక్ష్యం చెబుతారు. పది చోట్ల ఉన్న మాట ఎన్ని తల తూములనుంచి వచ్చిందో లెక్కపెట్టాలి గాని, ఎన్ని చేలలో పారిందో కాదు.

శ్రావణ భాద్రపదాల్లో గోదావరి పొంగినప్పుడు ఈ సంగతంతా లంకల్లో ప్రాణం మీదికి వస్తుంది. 1986 నాటి ఫొటోలు ఆ రోజువేనన్నట్టు ఫోన్లలోకి వస్తాయి, ఏటిగట్టుకు ఫలానా చోట గండి పడిందన్న వార్త మూడు ఊళ్లు దాటుతుంది, మూడు ఊళ్లలోనూ స్థలం పేరు మారుతుంది. ధవళేశ్వరం మట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోదని పిల్లలకు కూడా నోటికి వచ్చిన చోట, పెద్దలు ముందుగా అడిగేది ఆ అంకెనే. అక్కడ వదిలిన నీరు తమ రేవుకు రావడానికి ఎంత పొద్దు పడుతుందో వాళ్లకు తెలుసు. అంకె విన్నాక కూడా ఎవరో ఒకరు రేవులోకి దిగి, నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, గంట తర్వాత లాంతరు పట్టుకుని మళ్లీ వచ్చి చూస్తారు. పుల్ల మునిగితే పశువులను విప్పుతారు.